వైర్‌లెస్ మెమరీ కార్డుతో కెమెరా ఫోటోలను పంచుకోవడం, సర్దుకోవడం: అడుగడుగు మార్గదర్శి

పెళ్లిలో కెమెరాతో తీసిన ఫోటోను పందిట్లో ఉండగానే ఫోన్‌లోకి తెచ్చుకుని, రాలేకపోయిన బంధువులకు ఎలా పంపాలని చాలామంది అడుగుతున్నారు. పంపిన తర్వాత ఏది అసలు ఫోటోయో, ఏది పంపిన కాపీయో తెలియని గందరగోళం లేకుండా ఎలా సర్దుకోవాలన్నది దాని వెంటే వచ్చే రెండో ప్రశ్న. దీనికి ఒక మార్గం వైర్‌లెస్ మెమరీ కార్డు, అంటే లోపలే వైఫై ఉండి ఫోటోలను నేరుగా ఫోన్‌కు అందించే కెమెరా కార్డు. ఈ రెండు పనులనూ ఒకే క్రమంలో చేసుకుంటేనే తేలికవుతుంది కాబట్టి ఇక్కడ కలిపి చెబుతున్నాను.

నేను పాటించే పద్ధతికి ఆధారం ఒకే ఒక నియమం. వైర్‌లెస్ ద్వారా పంచవలసిన చిన్న కాపీలను మాత్రమే తీసుకోవాలి. అసలు ఫైళ్లను ఎప్పుడూ కార్డు రీడర్ ద్వారానే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. కింది అడుగులన్నీ ఈ నియమం చుట్టూ అమర్చినవే.

## 1. కొనే ముందు చూడవలసినవి

మీ కెమెరాలోనే వైఫై ఉంటే ఈ కార్డు అవసరం లేదు. కెమెరా మెనూలో వైఫై లేదా వైర్‌లెస్ అన్న పేరుతో విభాగం ఉందేమో ముందుగా చూడండి. వైఫై లేని పాత డీఎస్ఎల్ఆర్ ఇంకా చక్కగా పనిచేస్తూ ఉన్నవారికే ఈ కార్డు నిజంగా ఉపయోగపడుతుంది.

ఇవి చాలావరకు పాత సరుకు కాబట్టి దుకాణంలో మిగిలిపోయినవో, వాడినవో దొరుకుతాయి. అలా కొనేటప్పుడు ఒక్క విషయంలో జాగ్రత్త అవసరం. ఐ-ఫై సంస్థ తన ఎక్స్2 తరగతి కార్డులకు 2016 సెప్టెంబరులో సేవలను నిలిపివేసింది. ఆ కార్డుల అమరిక సంస్థ సర్వర్ల మీద ఆధారపడింది కాబట్టి, ధర ఎంత తక్కువగా ఉన్నా ఇప్పుడు వాటి జోలికి పోకపోవడమే మంచిది. తోషిబా ఫ్లాష్‌ఎయిర్, ట్రాన్సెండ్ వైఫై కార్డు, ఈజీ షేర్ వంటివి తమంతట తామే ఒక చిన్న వైఫై నెట్‌వర్క్‌ను ఏర్పరుస్తాయి. వాటి యాప్ దొరకకపోయినా ఫోన్ బ్రౌజర్‌తోనే ఫోటోలు చూడవచ్చు. కొంటే ఇలాంటిదే కొనండి.

కొనే ముందు సరిచూసుకోవలసినవి:

- కెమెరా ఎంత సామర్థ్యం గల కార్డును తీసుకుంటుంది? ఎస్డీహెచ్‌సీ (32 జీబీ వరకు ఉండే ఎస్డీ కార్డు రకం) వరకే తీసుకునే కెమెరాలో 32 జీబీకి మించిన కార్డు పెట్టకూడదు.
- కెమెరాకు ఎస్డీ స్లాట్ ఉందా? కాంపాక్ట్ ఫ్లాష్ అనే పెద్ద రకం కార్డు వాడే కెమెరాలో అడాప్టర్‌తో పెడితే, ఆ లోహపు తొడుగు లోపల సిగ్నల్ బాగా తగ్గిపోతుంది.
- రెండు కార్డుల స్లాట్లు ఉన్నాయా? ఉంటే సగం సమస్యలు ఇక్కడే తీరిపోతాయి. ఎలాగో తర్వాతి భాగంలో చెబుతాను.

ఇంకొక మాట. మీరు అక్కడికక్కడే పంపవలసింది వేడుక మొత్తానికి ఐదారు ఫోటోలే అయితే, ఫోన్‌కు తగిలించే చిన్న కార్డు రీడర్ చాలు. అది చవక, పాస్‌వర్డుల బెడద కూడా ఉండదు. వేడుక జరుగుతుండగా కెమెరాలోంచి కార్డు తీయకుండా, గంటగంటకూ పంపవలసి వచ్చేవారికే వైర్‌లెస్ కార్డు సుఖం.

## 2. ముందురోజు ఇంట్లో చేసుకోవలసిన సన్నాహం

వేడుకలో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ముందురోజు చేయని పనుల్లోనే ఉంటుంది. కింది క్రమాన్ని తప్పించకండి.

గడియారం. కెమెరా తేదీని, సమయాన్ని ఫోన్ గడియారంతో నిమిషం తేడా లేకుండా సరిచేయండి. ప్రతి ఫోటోలోనూ అది తీసిన సమయం నమోదవుతుంది, తర్వాత సర్దుకోవడమంతా ఆ సమయం మీదే నడుస్తుంది. చాలాకాలం వాడని కెమెరాలో లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ మొదటికి వెళ్లిపోయి ఉండవచ్చు కాబట్టి సంవత్సరాన్ని కూడా చూడండి.

ఫైలు సంఖ్య. కెమెరాల్లో ఫైలు సంఖ్య 0001 నుంచి 9999 వరకు వెళ్లి మళ్లీ మొదటికి వస్తుంది. మెనూలో ఫైలు సంఖ్యను వరుసగా కొనసాగించే ఎంపికను పెట్టండి. కార్డు మార్చినప్పుడల్లా 0001తో మొదలయ్యే ఎంపిక పెడితే, ఒకే పేరుగల రెండు ఫోటోలు ఒకదాని మీద ఒకటి పడే ప్రమాదం ఉంది.

ఫోటో నాణ్యత. రా ఫైలుతో (కెమెరా కుదించకుండా దాచే పెద్ద అసలు ఫైలు) పాటు జేపెగ్ (కుదించిన మామూలు ఫోటో ఫైలు) కూడా తీసే ఎంపిక పెట్టి, జేపెగ్‌ను చిన్న పరిమాణంలో ఉంచండి. రెండు స్లాట్లు ఉన్న కెమెరాలో రా ఫైళ్లు మామూలు కార్డులోకి, జేపెగ్‌లు వైర్‌లెస్ కార్డులోకి వెళ్లేలా పెట్టుకోండి. అప్పుడు ఫోన్‌లో కనిపించేవన్నీ పంపదగిన చిన్న ఫోటోలే అవుతాయి, అసలువి వేరే కార్డులో భద్రంగా ఉంటాయి.

దీని అవసరం లెక్క వేస్తే తెలుస్తుంది. వైర్‌లెస్ కార్డు వేగం సెకనుకు 2 ఎంబీ అనుకుందాం. 25 ఎంబీ రా ఫైళ్లు 1,200 ఉంటే మొత్తం 30,000 ఎంబీ. అవి ఫోన్‌లోకి రావడానికి నాలుగు గంటలు దాటుతుంది. సెకనుకు 80 ఎంబీ చదివే రీడర్‌లో అదే పని ఆరేడు నిమిషాల్లో అయిపోతుంది. ఇక ఎంచిన 40 చిన్న జేపెగ్‌లు, ఒక్కొక్కటి 2.5 ఎంబీ చొప్పున, వైర్‌లెస్‌లో 50 సెకన్లలోనే వచ్చేస్తాయి. ఏ పనికి ఏ దారి అన్నది ఈ అంకెలే తేల్చేస్తున్నాయి.

విద్యుత్తు. కార్డుకు విద్యుత్తు అందించేది కెమెరాయే. కెమెరా దానంతటదే ఆగిపోతే కార్డు వైఫై కూడా ఆగిపోతుంది, వస్తున్న ఫోటో మధ్యలో తెగిపోతుంది. ఆటో పవర్ ఆఫ్ సమయాన్ని కనీసం 5 నిమిషాలకు పెంచండి. బ్యాటరీ మామూలుకంటే త్వరగా ఖర్చవుతుంది కాబట్టి ఛార్జ్ చేసిన బ్యాటరీ ఒకటి అదనంగా ఉంచుకోండి. రోజంతా జరిగే పెళ్లయితే రెండు.

పాస్‌వర్డు. ఫ్లాష్‌ఎయిర్, ట్రాన్సెండ్ కార్డులు 12345678 అన్న పాస్‌వర్డుతో, ఈజీ షేర్ 88888888తో వస్తాయి. ఈ అంకెలు అందరికీ తెలిసినవే. మార్చకుండా మండపానికి తీసుకువెళితే, పక్క కుర్చీలో కూర్చున్నవారు కూడా మీ కార్డులోని ఫోటోలన్నీ చూడగలరు. కార్డు యాప్‌లోగానీ, అమరిక పేజీలోగానీ నెట్‌వర్క్ పేరును, పాస్‌వర్డును ఇంట్లోనే మార్చండి. పాస్‌వర్డు ఎనిమిది అక్షరాలకు తగ్గకూడదు. కార్డు పెట్టుకునే చిన్న డబ్బా లోపల దాన్ని రాసి అంటించుకుంటే, మండపంలో ఇంటికి ఫోన్ చేసి అడగవలసిన అవసరం రాదు.

దాగి ఉన్న ఫోల్డర్. ఇది అందరూ మరిచే అడుగు. ఫ్లాష్‌ఎయిర్ వంటి కార్డుల్లో వైఫై అమరికలు కార్డులోనే ఒక దాగి ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి. కొత్త కార్డును కెమెరాలో ఫార్మాట్ చేయాలన్న మామూలు అలవాటుతో ఫార్మాట్ కొడితే ఆ ఫోల్డర్ కూడా పోతుంది. నేనే ఒకసారి మేనకోడలి పెళ్లికి ముందు సాయంత్రం అలా చేసి, వైఫై ఎందుకు రావడం లేదో తెలియక రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాను. కాబట్టి కార్డు పెట్టె విప్పగానే, కంప్యూటర్‌లో దాగి ఉన్న ఫైళ్లు కనిపించే ఎంపికను తెరిచి, కార్డులో ఉన్నదంతా ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి దాచండి.

## 3. ఫోన్‌తో మొదటిసారి కలపడం

ఈ పనిని ఇంట్లో, కంగారు లేని సమయంలో ఒకసారి చేసి చూడాలి.

1. కార్డును కెమెరాలో పెట్టి ఆన్ చేసి, ఒక ఫోటో తీయండి. కార్డులో ఫోటో ఏదీ లేకపోతే తర్వాతి అడుగుల్లో ఏమీ కనిపించక తికమకపడతారు.
2. అరనిమిషం ఆగి, ఫోన్ వైఫై జాబితాలో కార్డు పేరును వెతికి పాస్‌వర్డు ఇవ్వండి.
3. ఫోన్‌లో మొబైల్ డేటాను ఆపేయండి. వీపీఎన్ (ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ మీదుగా మళ్లించే యాప్) ఉంటే దాన్ని కూడా ఆపండి.
4. ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, అయినా కొనసాగాలా అని ఫోన్ అడిగితే, కొనసాగాలనే చెప్పండి.
5. బ్రౌజర్‌లో కార్డు చిరునామా కొట్టండి. ఫ్లాష్‌ఎయిర్‌కు 192.168.0.1, ట్రాన్సెండ్‌కు 192.168.11.254, ఈజీ షేర్‌కు 192.168.4.1.
6. డీసీఐఎం (DCIM) అన్న పేరుతో కెమెరా ఫోటోలు దాచే ఫోల్డర్ తెరిచి ఫోటోను నొక్కి, ఫోన్‌లో భద్రపరచండి.

మూడో అడుగు ఎందుకో తెలిస్తే దాన్ని మరచిపోరు. కార్డు నెట్‌వర్క్‌కు ఇంటర్నెట్ ఉండదు కాబట్టి, ఫోన్ తెలివిగా ఆలోచించాననుకుని మీ అభ్యర్థనను మొబైల్ డేటా వైపు మళ్లిస్తుంది. ఆ చిరునామా బయటి ఇంటర్నెట్‌లో దొరకదు, పేజీ తెరుచుకోదు. మీరేమో కార్డు పాడైందనుకుంటారు.

ఐఫోన్‌లో యాప్ వాడుతుంటే, లోకల్ నెట్‌వర్క్ అనుమతి అడిగినప్పుడు ఒప్పుకోవాలి. పొరపాటున వద్దని నొక్కి ఉంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగంలోకి వెళ్లి ఆ అనుమతిని తిరిగి ఇవ్వవచ్చు.

ఫ్లాష్‌ఎయిర్ వంటి కొన్ని కార్డులకు ఫోన్ హాట్‌స్పాట్‌తో కలిసే విధానం కూడా ఉంది. దానిలో ఫోన్ ఇంటర్నెట్ పోదు కాబట్టి ఫోటో రాగానే పంపవచ్చు. అయితే ఈ కార్డులు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి కనుక హాట్‌స్పాట్‌ను కూడా ఆ బ్యాండులోనే పెట్టాలి. కొత్త ఐఫోన్లలో దీనికి హాట్‌స్పాట్ పేజీలోనే మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ అన్న మీట ఉంటుంది. మొదటి రెండు మూడు వేడుకలకు మామూలు పద్ధతినే వాడి, చేయి తిరిగాక దీనికి మారండి.

## 4. వేడుకలో పంపే క్రమం

తీసిన ప్రతి ఫోటోనూ వెంటనే పంపాలని చూడకండి. తీయడం, పంపడం రెండూ ఒకేసారి చేయబోతే జీలకర్రబెల్లం ఘట్టమే తప్పిపోతుంది. ఘట్టాల మధ్య దొరికే విరామాలే పంపే సమయాలు. కాశీయాత్ర అయ్యాక ఒకసారి, మంగళసూత్రధారణ అయ్యాక ఒకసారి, భోజనాల వేళ ఒకసారి కూర్చుంటే చాలు.

1. కెమెరా తెర మీదే ఫోటోలు చూసి, నచ్చినవాటి సంఖ్యలు గుర్తుపెట్టుకోండి. కెమెరాలో చుక్కల రేటింగ్ ఉంటే అది పెట్టండి.
2. కెమెరాను ఆన్‌లో ఉంచి, ఫోన్‌ను రెండు మూడు అడుగుల దూరంలో పెట్టుకోండి. మండపంలో వందల ఫోన్లు ఉంటాయి, కెమెరా లోహపు దేహం సిగ్నల్‌ను ఎలాగూ తగ్గిస్తుంది. దగ్గరగా ఉండడమే దీనికి మందు.
3. ఎంచిన ఫోటోలను ఫోన్‌లోకి తెచ్చుకోండి. ఈలోగా కెమెరాలో కొత్త ఫోటోలు తీయకండి, పాతవి తుడపకండి.
4. కార్డు వైఫై వదిలి, మొబైల్ డేటా ఆన్ చేసి, ఫోటోలు పంపండి.

మూడో అడుగులోని హెచ్చరికకు బలమైన కారణం ఉంది. కార్డులో ఏ ఫైలు ఎక్కడ ఉందో కెమెరా ఒక పట్టికను తన జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. ఫోన్ నుంచి మీరు ఒక ఫోటోను తుడిచినా, కార్డులోకి ఏదైనా ఎక్కించినా ఆ మార్పు కెమెరాకు తెలియదు. అది తన పాత పట్టిక ప్రకారమే కొత్త ఫోటోను రాస్తుంది, దానితో కార్డులోని లెక్కంతా చెడిపోవచ్చు. అందువల్ల ఫోన్ నుంచి కార్డును చదవడం వరకే చేయండి. రాయడం, తుడపడం పూర్తిగా మానేయండి.

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే దాన్ని కుదించి పంపుతుంది. చూసి ఆనందించడానికి అది చాలు. ఎవరైనా ప్రింటు వేయించుకుంటామంటే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. అయితే డాక్యుమెంట్‌గా వెళ్లిన ఫైలులో తీసిన సమయంతో పాటు, నమోదై ఉంటే స్థలం వివరం కూడా వెళుతుందని గుర్తుంచుకోండి.

## 5. ఇంటికి వచ్చాక అసలు ఫైళ్లను సర్దడం

ఎంత అలసిపోయినా ఆ రాత్రే కార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించండి. క్రమం ఇది.

1. కార్డు పక్కనున్న లాక్ మీటను కిందికి జరపండి. పొరపాటున తుడిచే అవకాశం పోతుంది.
2. సంవత్సరం పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల వేడుక పేరుతో ఒక ఫోల్డర్ తెరవండి. ఉదాహరణకు 2025 లోపల 2025-02-16-పెళ్లి.
3. వేడుక ఫోల్డర్‌లో మూడు గదులు చేయండి: 01-అసలువి, 02-ఎంచినవి, 03-పంపినవి.
4. కార్డులోని డీసీఐఎంను మొత్తంగా 01-అసలువిలోకి కాపీ చేయండి. కట్ చేసి పేస్ట్ చేయవద్దు.
5. కార్డులోని ఫైళ్ల సంఖ్యను, కాపీ అయిన ఫైళ్ల సంఖ్యను పోల్చండి. పదిపదిహేను ఫోటోలను తెరిచి చూడండి.
6. బయటి హార్డ్ డిస్క్‌లోకి రెండో కాపీ తీయండి.
7. ఫోన్‌లోకి తెచ్చుకున్న చిన్న ఫోటోలను 03-పంపినవిలోకి చేర్చి, ఫోన్‌లోంచి తీసేయండి.

తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయమనడానికి కారణం, అక్షరక్రమంలో పేర్చినప్పుడు అవి కాలక్రమంలోనే నిలబడతాయి. రోజును ముందు రాస్తే 01-12-2024, 02-01-2023 కంటే ముందుకు వచ్చి కూర్చుంటుంది.

మన పెళ్లిళ్లకు సంబంధించి ఒక చిక్కు ఉంది. ముహూర్తం రాత్రి పదకొండున్నరకు ఉంటే, మంగళసూత్రధారణ ఒక తేదీలో, తలంబ్రాలు మరుసటి తేదీలో పడతాయి. తేదీని బట్టి తనంతట తానే ఫోల్డర్లు చేసే సాఫ్ట్‌వేర్ ఆ పెళ్లిని రెండుగా చీలుస్తుంది. అందుకే ఈ పనిని సాఫ్ట్‌వేర్‌కు వదలకుండా, వేడుక మొదలైన రోజు తేదీతో ఒకే ఫోల్డర్ మీరే చేసుకోండి.

స్నాతకం, ఎదురుకోలు, అప్పగింతలు అంటూ ఘట్టానికొక ఫోల్డర్ చేయాలని కొందరికి ఉంటుంది. నేను వద్దంటాను. ఒకే ఫోటో రెండు చోట్ల ఉండవలసి వచ్చినప్పుడు ఆ పద్ధతి విఫలమవుతుంది. డిజికామ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఘట్టం పేరును, మనుషుల పేర్లను ట్యాగులుగా పెడితే ఫోల్డర్ ఒకటే ఉంటుంది, వెతుకులాట మాత్రం ఎన్ని రకాలుగానైనా చేయవచ్చు.

నెట్‌లో దాచాలనుకునేవారు ఒక లెక్క చూసుకోవాలి. గూగుల్ ఫోటోస్‌లో పరిమితి లేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు ఉచితంగా దొరికే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి. అందులో 02-ఎంచినవి మాత్రమే ఎక్కించి ఆల్బమ్‌గా పంచండి. ఆ 15 జీబీలో పెళ్లి రా ఫైళ్లు సగం కూడా పట్టవు.

## 6. రెండు కెమెరాల ఫోటోలను కలిపేటప్పుడు

అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య కెమెరా డాలస్ సమయంతోనే ఉండిపోవడం మామూలుగా జరిగేదే. ఫిబ్రవరిలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. ఉదయం 10:30కి ఆయన తీసిన తలంబ్రాల ఫోటో అంతకుముందు రాత్రి 11 గంటలదిగా నమోదవుతుంది. రెండు కెమెరాల ఫోటోలను సమయం ప్రకారం పేరిస్తే, తలంబ్రాలు స్నాతకం కంటే ముందే జరిగినట్టు కనిపిస్తాయి.

- వేడుక మొదట్లోనే, సెకన్లు కనిపించే ఒక ఫోన్ గడియారాన్ని రెండు కెమెరాలతోనూ ఫోటో తీయండి.
- ఇంటికి వచ్చాక, ఆ ఫోటోలో కనిపించే సమయానికీ ఫైలులో నమోదైన సమయానికీ ఉన్న తేడాను లెక్కకట్టండి.
- డిజికామ్‌లో తేదీ, సమయం సవరించే పనిముట్టుతో ఆ కెమెరా ఫోటోలన్నిటినీ అంత తేడా మేరకు ఒకేసారి జరపండి. ఇది కాపీల మీదే చేయండి.
- రెండు కెమెరాలదీ ఒకే కంపెనీ అయితే ఫైలు పేర్లు ఢీకొంటాయి. 01-అసలువి లోపల కెమెరాకొక ఫోల్డర్ ఉంచండి.

అన్నయ్య తన ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే మాత్రం ఈ సవరణ కుదరదు. అలా వచ్చిన ఫోటోలో తీసిన సమయం మిగలదు. ఆయన ఊరికి బయల్దేరేలోగా కార్డునే అడిగి తీసుకుని కాపీ చేసుకోండి.

## 7. తరచుగా వచ్చే ఇబ్బందులు, వాటికి మార్గాలు

ఫోన్ జాబితాలో కార్డు పేరు కనిపించడం లేదు. ఫ్లాష్‌ఎయిర్ మామూలు అమరికలో, ఎవరూ కలవకపోతే 5 నిమిషాల తర్వాత వైఫైని ఆపేస్తుంది. కెమెరాను ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే కెమెరా మెనూలో కార్డు వైఫైని ఆపే ఎంపిక ఉందేమో చూడండి; కొన్ని కెమెరాలు ఇలాంటి కార్డును గుర్తించి ప్రత్యేక మెనూ చూపుతాయి.

పేరు కనిపిస్తోంది, పేజీ తెరుచుకోవడం లేదు. మొబైల్ డేటా, వీపీఎన్ ఆపారా? బ్రౌజర్ తనంతట తాను చిరునామా ముందు సురక్షిత సైట్ల గుర్తు అయిన https://ను చేర్చిందా? ఈ కార్డుల పేజీలు పాత పద్ధతివి. ఆ గుర్తులోని ఎస్ అక్షరం తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

సగం ఫోటో బూడిదరంగులో వచ్చింది. బదిలీ మధ్యలో తెగింది. కార్డులోని అసలు ఫోటో సాధారణంగా బాగానే ఉంటుంది. ఫోన్‌లోని కాపీని తుడిచి మళ్లీ తెచ్చుకోండి.

కెమెరా కార్డు ఎర్రర్ చూపుతోంది. వెంటనే తీయడం ఆపండి. ఫార్మాట్ చేయమని కెమెరా అడిగినా ఒప్పుకోవద్దు. వేరే కార్డుతో పని కొనసాగించి, ఇంటికి వచ్చాక ఫోటోరెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫోటోలను వెలికితీయండి. వెలికితీసిన వాటిని ఆ కార్డులోకి కాకుండా కంప్యూటర్‌లోకి రాయించండి. ఫైళ్ల పాత పేర్లు పోవచ్చుగానీ, లోపలి సమయం ఉంటే వరుస మళ్లీ కుదురుతుంది.

## 8. కార్డును ఖాళీ చేయడం

అసలు ఫైళ్లు రెండు వేర్వేరు చోట్ల ఉన్నాయని కళ్లారా చూసేవరకు కార్డును ముట్టవద్దు. నేనైతే ఒక వారం అలాగే ఉంచుతాను, ఈలోగా మరో కార్యక్రమం వస్తే మామూలు కార్డు వాడతాను.

- కంప్యూటర్‌లో ఒక కాపీ, బయటి డిస్క్‌లో ఒక కాపీ ఉన్నాయా?
- రెండింటిలోనూ ఫైళ్ల సంఖ్య సరిపోయిందా?
- దాగి ఉన్న ఫోల్డర్ కాపీ ఇప్పటికీ మీ దగ్గర ఉందా?

మూడింటికీ అవునన్న జవాబు వస్తే, లాక్ మీటను పైకి జరిపి కార్డును ఖాళీ చేయండి. తయారీదారు ఇచ్చిన కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఉంటే దానితోనే ఫార్మాట్ చేయడం శ్రేష్ఠం, వైఫై అమరికలు తిరిగి వాటి చోట ఏర్పడతాయి. అది లేకపోతే ఫార్మాట్ జోలికి పోకుండా, డీసీఐఎంలో మీరు తీసిన ఫోటోలను మాత్రమే కంప్యూటర్ నుంచి తుడవండి. ఫ్లాష్‌ఎయిర్‌లో వైఫైని నియంత్రించడానికి కార్డుతోనే వచ్చిన ఒక బొమ్మ డీసీఐఎం లోపలే ఉంటుంది, దాన్ని వదిలేయండి. తర్వాత కార్డును కెమెరాలో పెట్టి ఒక ఫోటో తీసి, ఫోన్‌లో తెరిచి చూసి, అప్పుడే డబ్బాలో పెట్టండి.